పాత పట్టు కార్డు: పొట్టి అంచు మళ్లీ తెగింది

పాత గుడ్డ ముక్కలతో పోస్టుకార్డులు కుడుతున్నాను. ఈసారి పట్టుది కుదిరిందనే అనుకున్నాను. నెమలిపింఛం రంగు పాత పట్టు, దాని మీద చిన్న చిన్న ఆకుల నేత. మూడు అంచులు కుట్టి నాలుగోది సగం దాకా వచ్చేసరికి, ముందు కుట్టిన పొట్టి అంచు కుట్టుతో సహా ఊడి చేతికొచ్చింది. అంచుకి 4 మి.మీ. లోపల, స్కేలు పెట్టి కోసినంత తిన్నగా తెగింది. భలే చిరాకేసింది.

నూలు చేతిరుమాళ్ల మూలలతో చేసినవి, లేసు కార్డు మాత్రం చక్కగా వచ్చాయి.

కార్డు 6 × 4 అంగుళాలు. మధ్యలో ఇస్త్రీ వేడికి రెండువైపులా అతుక్కునే పెల్టెక్స్ అనే బిరుసైన పొర, వెనక తెల్ల నూలు గుడ్డ. ఇంతకుముందు శాటిన్ కుట్టు (అంచు కప్పేలా దగ్గర దగ్గరగా అటూ ఇటూ వేసే మెషిన్ కుట్టు) వెడల్పు 4 మి.మీ., పొడవు 0.4 మి.మీ. పెట్టి, 80 నంబరు సూదితో కుట్టేదాన్ని. సూది ఒకసారి బయట, ఒకసారి లోపల దిగుతుంది కాబట్టి లోపలివైపు ప్రతి 0.8 మి.మీ.కి ఒక బెజ్జం పడుతుంది. ఆ సూది లావు కూడా 0.8 మి.మీ.యే! అంటే బెజ్జానికీ బెజ్జానికీ మధ్య గుడ్డే మిగలదు, తపాలా బిళ్లల షీటులో చిల్లుల వరుసలా తయారవుతుంది. కొత్త నూలైతే దారాలు పక్కకి జరిగి సూదికి దారిస్తాయి. ఈ పట్టు జరగదు, తెగుతుంది.

అందుకే ఈసారి 60 నంబరు సూది, కుట్టు పొడవు 0.7 పెట్టాను. బెజ్జాల మధ్య 0.8 మి.మీ. గుడ్డ మిగులుతుంది. పొడుగు అంచులు నిలిచాయి, పొట్టివి నిలవలేదు. పడుగు (నేతలో నిలువు దారాలు) కార్డు పొడవునా ఉంది కాబట్టి పొట్టి అంచు కుట్టు తెంపేది పడుగు దారాలనే. పేక (అడ్డ దారాలు) కాస్త లావు, పడుగు మరీ సన్నం.

అనుమానమొచ్చి ఒక పడుగు దారం కాల్చి చూశాను. మామూలు పట్టైతే ముడుచుకుని, నలిపితే పొడైపోయే నల్లటి ఉండ మిగలాలి. ఇది దారం ఆకారంలోనే బూడిదై నిలబడింది. అంటే బరువెక్కించిన పట్టు. దారానికి సహజంగా ఉండే జిగురు తీసినప్పుడు పట్టు బరువులో దాదాపు నాలుగో వంతు పోతుంది. ఆ లోటు పూడ్చడానికి 19వ శతాబ్దం చివర్లో తగరం లవణాలు పట్టించేవారు. ఏళ్లు గడిచేకొద్దీ ఆ లవణాలే దారాన్ని పెళుసు చేస్తాయి. ఇస్త్రీ వేడి కూడా కారణమేమోనని, వేడి తగలని ముక్కని పల్చటి కాగితం మీద పెట్టి కుట్టి చూశాను. అదీ అలాగే తెగింది.

వెనక లాన్ అనే సన్నటి నూలు గుడ్డని మిస్టీఫ్యూజ్‌తో (ఇస్త్రీ వేడికి కరిగే పల్చటి జిగురు వల) అతికిస్తే పట్టు రాలకుండా ఉంటోంది, కానీ కుట్టు పక్కన చీలిక కనబడుతూనే ఉంది. అయినా పాత గుడ్డలకి నా ఓటు మిస్టీఫ్యూజ్‌కే. మందపాటి జిగురు షీట్లు గుడ్డ మెత్తదనం చంపేస్తాయి. పైన ఆర్గంజా (పారదర్శకమైన పల్చటి గుడ్డ) వేయమని చాలామంది అంటారు. నాకు నచ్చదు. ఆ మెరుపు కోసమే కదా పాత పట్టు వాడేది, దాన్నే మసకబారిస్తే ఎలా?

ఇక పట్టులో సూది దించను. నూలు గుడ్డలో 5 × 3 అంగుళాల కిటికీ కోసి, లోపలి అంచు మడిచి, పట్టు మీదికి 3 మి.మీ. వచ్చేలా అతికిస్తాను. చుట్టూ మిగిలే అరంగుళం నూలు మీదే శాటిన్ కుట్టు. అక్కడ మళ్లీ 0.4 పెట్టుకోవచ్చు, కుట్టు నిండుగా వస్తుంది. చట్రానికి బూడిద రంగా, ముదురు ఆకుపచ్చా అన్నది ఇంకా తేల్చుకోలేదు.

ఇది కుదిరితే పూల అచ్చు పాత నూలు ముక్క కూడా బయటికి తీస్తాను. ఇనుముతో అద్దిన ముదురు గోధుమ రంగు పడ్డ చోటల్లా గుడ్డ చివికిపోయింది, ఎర్ర పూలు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ఆ పూలే కిటికీలో పడేలా కోయాలి. వెనకవైపు చిరునామా గీతలు పిగ్మా మైక్రాన్ పెన్నుతో ఇప్పటికే గీసి ఉంచాను.