ఒక్క మంత్రం, రెండు హిట్ పాయింట్లు

ఇన్నేళ్లూ డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే, అదే పాత్రలు పోషిస్తూ పాచికలతో ఆడే ఆట అంటే, నాకు 2014లో వచ్చిన ఐదో ఎడిషనే. నిన్న రాత్రి మొదటిసారి 1981 నాటి బేసిక్ రూల్స్‌తో ఆడాం. ఆ టెన్షన్ ఇంకా వదల్లేదు.

నా మంత్రగాడికి నాలుగు ముఖాల పాచిక వేస్తే రెండు పడింది. అంటే రెండే హిట్ పాయింట్లు, అదే పాత్ర ప్రాణబలం. రోజుకు ఒక్కటే మంత్రం. ఐదో ఎడిషన్‌లో అయితే క్యాంట్రిప్‌లనే చిన్న మంత్రాలు ఎన్నిసార్లైనా వాడొచ్చు, సున్నాకి పడిపోయినా డెత్ సేవ్‌లు, అంటే చావు బతుకులు తేల్చే పాచికలు, వేసి బతికే అవకాశం ఉంటుంది. ఇక్కడ సున్నా అంటే చావే.

అందుకే నేలమాళిగలో ప్రతి తలుపుకీ చెవి ఆనించి విన్నాం. పదడుగుల కర్రతో నేల తట్టుకుంటూ నడిచాం. గోబ్లిన్లనే పొట్టి రాక్షసులు ఎదురైతే కత్తి దూయకుండా మాట కలిపాం. పాత రూల్స్‌లో ఎదురుపడ్డవాళ్ల తీరు రెండు పాచికలతో తేలుతుంది, ప్రతిసారీ యుద్ధమే కానక్కర్లేదు. పైగా పాత్ర ఎదగడానికి కావాల్సిన ఎక్స్‌పీరియన్స్ పాయింట్లు ఎక్కువగా వచ్చేది బయటికి మోసుకొచ్చిన బంగారానికే. ఇది నాకు భలే నచ్చింది.

దెబ్బ తగలడం ఎంత కష్టమో చెప్పే ఆర్మర్ క్లాస్ అంకె తగ్గేకొద్దీ మంచిదనే లెక్క మాత్రం తికమకే. అందులో కొత్త ఎడిషనే హాయి.

రెండో గంటలో బాణం తగిలి నా మంత్రగాడు పోయాడు. దాచుకున్న స్లీప్ మంత్రం వాడనే లేదు. చాలా బాధేసింది. వెంటనే ఇంకో క్యారెక్టర్ రాసుకున్నాను. వచ్చే శనివారం మళ్లీ కూర్చుంటున్నాం.