పార్శిల్ పట్టుకెళ్లే కానిస్టేబుల్‌కి ట్రైనింగ్ ఎవరిస్తారు?

పోలీసులకీ లాయర్లకీ ఫోరెన్సిక్ ట్రైనింగ్ అనగానే అందరికీ తెల్లకోట్లు, మైక్రోస్కోపులు గుర్తొస్తాయి. జిల్లా కోర్టులో ఎక్కువగా డిఫెన్స్ వైపు క్రిమినల్ కేసులు చేసేవాడిగా నేను చెప్పేది ఒకటే, ల్యాబ్‌లో పాడైన కేసులు నాకు పెద్దగా తగల్లేదు, ల్యాబ్ గుమ్మం దాకా వెళ్లేలోపే పాడైనవి మాత్రం బోలెడు.

రక్తం మరకలున్న చొక్కానే తీసుకోండి. తడిగా ఉండగానే పాలిథిన్ కవర్లో కుక్కి మూతి కట్టేస్తే లోపల బూజు పట్టి డీఎన్ఏ చెడిపోతుంది. దాన్ని ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి, కాగితం కవర్లో పెట్టాలి, దేనికి దానికి విడి కవరు. ముద్దాయి ప్యాంటూ హతుడి చొక్కా ఒకే మూటలో కట్టారంటే ఇక ఆ మరక దీన్నుంచి దానికి అంటలేదని ఏ సైంటిస్టూ బోనులో నిలబడి చెప్పలేడు. ఆ తర్వాత లక్క సీలు, సీలు నమూనా విడిగా, మధ్యవర్తుల (స్వాధీనం చేసుకునేటప్పుడు పక్కనుండే సాక్షుల) సంతకాలు, క్రైమ్ నంబరు, తేదీ, టైము. ల్యాబ్‌లో పార్శిల్ తీసుకునే మనిషి విప్పేముందు చూసేది సీలు చెక్కుచెదరకుండా ఉందా, నమూనాతో సరిపోయిందా అనే.

క్రాస్‌లో, అంటే పోలీసు సాక్షిని బోనులో ఎదురు ప్రశ్నలడిగేటప్పుడు, మేం పట్టుకునేదీ అక్కడే. చొక్కా స్టేషన్‌కి ఎప్పుడొచ్చింది, ప్రాపర్టీ రూమ్ తాళం ఎవరి దగ్గరుంది, ల్యాబ్‌కి ఎవరు తీసుకెళ్లారు, మధ్యలో ఇన్ని రోజులు ఎక్కడుంది? రిజిస్టర్‌లో ఎంట్రీ లేకపోతే ఐఓ (దర్యాప్తు అధికారి) గారు ఎంత గట్టిగా చెప్పినా లాభం లేదు. 2025 జులైలో తమిళనాడు నుంచి వచ్చిన ఒక ఉరిశిక్ష కేసులో ముద్దాయిని వదిలేస్తూ సుప్రీంకోర్టు దేశమంతటికీ రూల్స్ పెట్టింది: డీఎన్ఏ శాంపిల్ తీసిన 48 గంటల్లో ల్యాబ్‌కి చేరాలి, ఆలస్యమైతే కారణం రాయాలి, ట్రయల్ కోర్టు అనుమతి లేకుండా ప్యాకెట్ విప్పకూడదు, శాంపిల్ తీసిన దగ్గర్నుంచి కేసు తేలేదాకా ఎవరి చేతుల్లోంచి ఎవరి చేతుల్లోకి వెళ్లిందో రిజిస్టర్ ఉండాలి. నన్నడిగితే ఇందులో సైన్స్ పావు వంతే, మిగతాదంతా రిజిస్టర్లు రాసే స్టేషన్ రైటర్ పని.

కొత్త చట్టాలొచ్చాక, అంటే 2024 జులై 1 నుంచి, టెన్షన్ ఇంకా పెరిగింది. సీఆర్‌పీసీ బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ 176(3) ప్రకారం ఏడేళ్లు, ఆ పైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు స్పాట్‌కి రావాలి (అమలు చేయడానికి రాష్ట్రాలకు ఐదేళ్లదాకా గడువుంది లెండి), సెక్షన్ 105 కింద సోదాలూ స్వాధీనాలూ వీడియో తీయాలి. ఆ వీడియోని కోర్టులో పెట్టాలంటే సాక్ష్య అధినియమ్ (కొత్త సాక్ష్య చట్టం) సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలి, అందులో హ్యాష్ వాల్యూ, అంటే ఫైల్లో ఉన్నదాన్ని బట్టి కంప్యూటర్ లెక్కగట్టే నంబరు, ఉండాలి. నేను కూర్చున్న ఒక సెషన్లో ఇది చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. పాఠం చెప్పేాయన ఒక ఫైలుకి హ్యాష్ తీసి స్క్రీన్ మీద ఉంచారు, ఫైల్లో ఒక్క స్పేస్ కొట్టి సేవ్ చేసి మళ్లీ తీశారు, నంబరు మొత్తం మారిపోయింది. వెనక బెంచీలోంచి ఒక ఎస్ఐ గారు "మరి ఫైలు పేరు మారిస్తే సార్?" అన్నారు. మార్చి చూపించారు. హ్యాష్ మారలేదు, ఎందుకంటే అది ఫైల్లో ఉన్నదానికి గానీ పేరుకి కాదు. ఆ ప్రశ్న మాలో ఏ లాయరూ అడగలేదు, అడగాల్సింది మేమే అయినా.

అసలు లాయర్ల సంగతి చెప్పుకుంటే సిగ్గుచేటు. ప్రభుత్వ నిపుణుల రిపోర్టుని వాళ్లని పిలవకుండానే సాక్ష్యంగా చదవచ్చని చట్టంలో ఉంది కదా, దాంతో చాలామంది చివరి పేజీ తప్ప చదవరు. చొక్కా మీద రక్తం బి గ్రూపు, హతుడిదీ బి గ్రూపే అంటే చాలు, పీపీ (ప్రభుత్వం తరఫు లాయరు) గారు గెలిచేసినట్టు కూర్చుంటారు, డిఫెన్స్ లాయరేమో ఓడిపోయినట్టు. ఈ ఊళ్లో బి గ్రూపు వాళ్లు ఎంతమంది లేరు! డీఎన్ఏ కలిసినా అది ఎవరిదో చెబుతుంది తప్ప ఎప్పుడు అంటిందో, ఎలా అంటిందో చెప్పదు.

అందుకే పోలీసుల్నీ లాయర్లనీ ఒకే హాల్లో కూర్చోబెట్టాలి అంటాను. హైదరాబాద్ రామంతాపూర్‌లోని కేంద్ర డిటెక్టివ్ ట్రైనింగ్ ఇన్‌స్టిట్యూట్ పోలీసులతో పాటు ప్రాసిక్యూటర్లకీ, జడ్జీలకీ కోర్సులు పెడుతుంది, సెంట్రల్ ఫోరెన్సిక్ ల్యాబ్ కూడా ఆ రామంతాపూర్‌లోనే. ఇలాంటివి జిల్లాల్లో జరగాలి, డిఫెన్స్ వాళ్లనీ పిలవాలి, ఎస్ఐని బోనెక్కించి మాతో ఉత్తుత్తి క్రాస్ చేయించాలి. అరగంట చాలు, నూరు స్లైడ్లు చెప్పలేనిది అర్థమైపోతుంది.

ఇంకో మాట. నేను చూసిన సెషన్లకి వచ్చేది ఎస్ఐలు, సీఐలు, ఆ పైవాళ్లు. పార్శిల్ ఒళ్లో పెట్టుకుని బస్సులో హైదరాబాద్ వెళ్లే కానిస్టేబుల్‌నీ, రిజిస్టర్ రాసే రైటర్‌నీ ఎవరూ పిలవరు. రేపు సాక్షిగా వచ్చి "దారిలో ఎక్కడైనా దిగారా?" అన్న ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది ఆ కానిస్టేబులే. వాళ్లకి ఒక్క పూట, స్టేషన్లోనే, ఖాళీ కవర్లూ లక్కా ఇచ్చి చేయించండి చాలు. స్లైడ్లు పెట్టి తీరాల్సిందే అంటారా, కనీసం తెలుగులో పెట్టండి.