కళ్ళు మూయని బొమ్మలు

అమెరికాలో వాషింగ్టన్ దగ్గరున్న హెర్న్‌డన్‌లో మా అమ్మాయి ఇంటికి వచ్చిన మొదటి వారంలోనే అల్లుడు మాకు వైట్ హౌసూ, లింకన్ మెమోరియలూ అన్నీ చూపించేశాడు. నాకు కావలసింది మిగిలిపోయింది. అందుకే అక్టోబరులో ఒక శనివారం పదేళ్ళ మనవరాలిని వెంటబెట్టుకుని మళ్ళీ వాషింగ్టన్ బయల్దేరాను. రెండువందల ఏళ్ళ కిందటి అమెరికన్ చిత్రకారుడు జార్జ్ కాట్లిన్ వేసిన మనుషుల్ని చూడాలి.

తెనాలిలో మా నాన్నగారు ఫొటోలు చూసి పెద్ద బొమ్మలు గీసేవారు. పోయినవాళ్ళ చిన్న ఫొటో ఎవరైనా తెస్తే దాని మీద సన్నగా గళ్ళు గీసుకుని, బొగ్గుపొడితో అట్ట మీద నిలువెడు ముఖం దించేవారు. పక్కకి తిరిగి ఉన్న ఫొటో తెస్తే మాత్రం ఒప్పుకునేవారు కాదు. "ఇల్లు చూసుకోవాల్సిన మనిషమ్మా, రెండు కళ్ళూ ఉన్నది తీసుకురా" అనేవారు. నేనూ ముప్ఫై రెండేళ్ళు డ్రాయింగ్ మాస్టారుగా పనిచేశాను. రిటైరయ్యాక ఒక పాత పుస్తకాల కొట్లో కాట్లిన్ పుస్తకం దొరికింది. ఉత్తర అమెరికా ఆదివాసుల గురించి ఆయన ఉత్తరాలుగా రాసి, 1841లో లండన్‌లో అచ్చు వేయించిన రెండు సంపుటాలకి అది పునర్ముద్రణ. అప్పటినుంచీ ఆ ముఖాల్ని రంగుల్లో, ఎదురుగా నిలబడి చూడాలని నా కోరిక.

సిల్వర్ లైన్ రైల్లో గంట ప్రయాణం. పుస్తకం తెరిచి మనవరాలికి ఒక బొమ్మ చూపించాను.

"సగం మొహమే వేశాడేం తాతయ్యా?"

మా నాన్న ఉంటే సరిగ్గా ఇదే అడిగేవారు. ఆ సగం ముఖం వెనక పెద్ద కథ ఉంది. 1832లో కాట్లిన్ మిస్సోరి నది మీద యెల్లోస్టోన్ అనే స్టీమర్‌లో ఎగువకి వెళ్తూ, దారిలో ఒక వర్తకుల కోట దగ్గర ఆగాడు. సూ తెగ పెద్దలు ఒక్కొక్కరే వచ్చి బొమ్మ వేయించుకున్నారు. చిన్న ఎలుగుబంటి అనే పేరున్న యోధుణ్ణి కాట్లిన్ పక్కకి తిప్పి కూర్చోబెట్టాడు. చూడ్డానికి వచ్చినవాళ్ళలో షోంకా అనే అతను, పేరుకి అర్థం కుక్క అని, నవ్వాడు. చిన్న ఎలుగు సగం మనిషే, రెండో సగం ఎందుకూ పనికిరాదని ఈ తెల్లవాడికి తెలిసే వదిలేశాడు అన్నాడు. మాటా మాటా పెరిగింది. ఇద్దరూ తుపాకులు తెచ్చుకున్నారు. చిన్న ఎలుగు పడిపోయాడు. గుండు తీసుకుపోయింది, బొమ్మలో లేని ఆ సగం ముఖాన్నే. బొమ్మే ఈ చావుకి కారణమని అక్కడివాళ్ళు నమ్మారు. నదికి ఎగువనున్న మాండాన్ తెగ ఊళ్ళో కూడా కొందరు, ఈ బొమ్మల్లో కళ్ళు కదులుతున్నాయి, అంటే మన ప్రాణం కొంత అందులోకి పోయినట్టే అని భయపడ్డారట. ఫొటో తీస్తే ఆయుష్షు తగ్గుతుందని మా నాయనమ్మ చివరిదాకా కెమెరా ముందుకి రాలేదు. అందుకే ఆ భయం నాకు వింతగా అనిపించలేదు.

మెట్రో సెంటర్‌లో దిగి నాలుగు వీధులు నడిచి వెళ్తే, మ్యూజియం పదకొండున్నరకి గానీ తెరవరట. గంటన్నర మెట్ల మీద కూర్చున్నాం. లావుపాటి రాతి స్తంభాలున్న ఆ భవనం ఒకప్పుడు పేటెంట్ ఆఫీసు. ఇప్పుడు అందులోనే నేషనల్ పోర్ట్రెయిట్ గ్యాలరీ, స్మిత్సోనియన్ అమెరికన్ ఆర్ట్ మ్యూజియం రెండూ ఉన్నాయి. టికెట్ లేదు.

బ్లడ్ తెగ నాయకుడు స్టు-మిక్-ఓ-సుక్స్ ముందు చాలాసేపు నిలబడ్డాను. నుదుటి మీంచి ఒక జుట్టుపాయ ముక్కు మీదికి దిగి, కత్తిరించినట్టు ఆగిపోయింది. చేతిలో పొడుగాటి చిలుం. జింకతోలు చొక్కా మీద రంగులు వేసిన ముళ్ళపంది ముళ్ళతో కుట్టిన గుండ్రటి పట్టీ. దగ్గరికి వెళ్ళి చూస్తే ముఖం మీద మాత్రమే రంగు నిదానంగా, పొర మీద పొరగా పడింది. మిగతాదంతా పలుచగా, గబగబా లాగిన గీతలు. ఆ ఒక్క ఎండాకాలంలో 135కు పైగా బొమ్మలు వేసిన మనిషి మరి. ముందు ముఖం పట్టుకుని, బట్టలూ నగలూ తర్వాత తీరిగ్గా పూర్తిచేసుకునేవాడు. చేతులు వేయడంలో తడబాటు ఉంది, అది నేను దాచను. ఆయన ఎక్కడా బొమ్మలు నేర్చుకోలేదు, చదివింది లా. పెన్సిల్వేనియాలో 1796లో పుట్టి, వకీలు పని వదిలేసి, ఫిలడెల్ఫియాలో చిన్న చిన్న ముఖచిత్రాలు వేస్తూ బతికేవాడు. పడమటి నుంచి వచ్చిన ఆదివాసీ పెద్దల బృందాన్ని ఒకసారి ఆ ఊళ్ళో చూశాక మనసు అటు లాగేసింది.

కాట్లిన్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఒకటుంది. ఎదురుగా కూర్చున్న ప్రతి మనిషి పేరూ వాళ్ళ భాషలో విన్నది విన్నట్టు రాసుకున్నాడు. ఇది అచ్చం ఆ మనిషే అని అక్కడి అధికారుల చేతా, సైనికుల చేతా సంతకాలు పెట్టించి ఆ కాగితాలు బొమ్మల వెనక అంటించాడు. మాండాన్ నాయకుడు మాటో-టోపే ముఖం, పేరు ఇవాళ మనకి తెలుస్తున్నాయంటే అందువల్లే. 1837లో వచ్చిన మశూచిలో ఆ నాయకుడు పోయాడు, ఆయన ఊరు దాదాపు ఖాళీ అయిపోయింది. మాండాన్లు నశించిపోయారని కాట్లిన్ రాసేశాడు గానీ అది పొరపాటు. బతికి బయటపడ్డవాళ్ళ వారసులు ఇవాళ్టికీ ఉత్తర డకోటాలో ఉన్నారు.

ఆయన చేసినవన్నీ నేను ఒప్పుకోలేను. బొమ్మల ప్రదర్శనకి జనం తగ్గాక, లండన్‌లో ఓజిబ్వే, అయొవా తెగల మనుషుల్ని వేదిక మీద ఆడించాడు. వాళ్ళలో కొందరు యూరప్‌లోనే జబ్బుచేసి పోయారు. ఆ అధ్యాయాలు ఆయన 1848 పుస్తకంలో చదువుతుంటే నాకు కష్టంగా ఉంటుంది. ఆయనకీ దెబ్బలు తగిలాయి. 1845లో పారిస్‌లో రాజు లూయీ ఫిలిప్ ఆయన బొమ్మల్ని లూవ్ర్ మ్యూజియంలో పెట్టించి చూశాడు. అదే ఏడు భార్య క్లారా పోయింది, మరుసటి ఏడు పసివాడు కొడుకు పోయాడు. బొమ్మలు కొనమని అమెరికా కాంగ్రెస్‌ని ఏళ్ళ తరబడి అడిగాడు, కొనలేదు. 1852లో అప్పుల్లో మునిగితే ఫిలడెల్ఫియా వ్యాపారి జోసెఫ్ హారిసన్ అప్పు తీర్చి, మొత్తం బొమ్మలు తీసుకెళ్ళి తన బాయిలర్ల ఫ్యాక్టరీలో పడేశాడు.

అయినా రాయడం ఆపలేదు. దక్షిణ అమెరికా తిరిగొచ్చి పిల్లల కోసం రాశాడు, మాండాన్ల వ్రతం గురించి 1867లో రాశాడు. నోరు మూసుకుని ముక్కుతోనే ఊపిరి తీయాలని ఒక చిన్న పుస్తకం కూడా రాశాడు. ఆదివాసీ తల్లులు నిద్రపోతున్న బిడ్డ పెదాలు కలిపి మూస్తారన్న సంగతి నేను అందులోనే చదివాను.

మధ్యాహ్నం మ్యూజియం నుంచి నేషనల్ మాల్ అనే పొడుగాటి పచ్చిక మైదానం దాటి, స్మిత్సోనియన్ సంస్థ పాత భవనం క్యాసిల్ దాకా నడిచాం. మరమ్మతుల కోసం మూసేశారు, చుట్టూ కంచె. ఎర్రరాయి బురుజులు బయటినుంచే చూశాం. 1872లో, చెవులు దాదాపు వినపడని డెబ్బై అయిదేళ్ళ కాట్లిన్‌కి ఆ బురుజుల్లో ఒక దాంట్లో గది ఇచ్చారు. అక్కడే బొమ్మలు వేసుకుంటూ జబ్బుపడి, ఆ డిసెంబరులో కూతుళ్ళ దగ్గర కన్నుమూశాడు. ఫ్యాక్టరీలో ఉన్న బొమ్మల్ని హారిసన్ భార్య స్మిత్సోనియన్‌కి ఇచ్చింది 1879లో. ఏడేళ్ళు ఆలస్యం.

"ఆయన చూడలేదా తాతయ్యా, మనం చూసినట్టు?" అంది మనవరాలు. లేదమ్మా అన్నాను.

ఆ రాత్రి తొమ్మిదింటికి తెనాలికి ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారి ఆరున్నర. డబ్బు కట్టి తీసుకెళ్ళనివాళ్ళ బొమ్మలు పదకొండు మా అటక మీద ఉన్నాయి. ఎవరో ఏమో నాన్న పోయాక ఎవరికీ తెలీదు. వాటి వెనక ఏమన్నా రాసి ఉందేమో చూడరా అన్నాను తమ్ముడితో. వీడియోలో దుమ్ము దులుపుతూ ఒక్కొక్కటీ తిప్పి చూపించాడు. ఎనిమిదింటి వెనక ఏమీ లేదు. రెండింటి మీద నాన్న చేతిరాతలో కొలతలు, ఇచ్చిన అడ్వాన్సు. ఒకదాని మీద మాత్రం "దుగ్గిరాల, పెద్ద కోడలు" అని ఉంది.