పానా జారిన రోజు

రాయగడలో మెకానిక్ షెడ్డు పెట్టిన కొత్తలో సంతలో కొన్న చవక పానాలతోనే పని. ఒకరోజు సాయంత్రంలోగా పార్వతీపురం చేరాల్సిన జీపుకి సైలెన్సర్ బోల్టు విప్పుతుంటే పానా జారింది. బోల్టు మూలలు అరిగి గుండ్రమైపోయాయి, నా వేళ్ల కణుపులు చీరుకుపోయాయి. ఉలి పెట్టి కొట్టి తీసేసరికి చీకటి పడింది.

మర్నాడే మంచి సాకెట్ సెట్టు (బోల్టు తల మీద తొడిగి తిప్పేవి) కొన్నాను, క్రోమ్ వెనేడియం ఉక్కుది, ఆరు మూలలది. పన్నెండు మూలల సాకెట్ బోల్టుని మూలల దగ్గరే పట్టుకుంటుంది, ఇది పలకల మీద కూర్చుంటుంది. తేడా చేతికి తెలుస్తుంది.

అన్నీ ఖరీదైనవి అక్కర్లేదు. సుత్తి, పట్టకారు మామూలువి చాలు. రోజూ తిప్పే 10, 12, 14 మిల్లీమీటర్ల సైజులకీ, బోల్టు ఎంత బలంతో బిగుస్తోందో చూపే టార్క్ రెంచీకీ మాత్రం డబ్బు పెట్టండి తమ్ముళ్లూ. చేతి అంచనాతో ఇంజిన్ హెడ్ బోల్టులు బిగిస్తే, హెడ్ కింద లీకవకుండా పెట్టే గ్యాస్కెట్ పోయి వెనక్కొచ్చిన బండి ఓనర్ మొహం నేను చూశాను.