ఇంజన్ ఆడుతుండగా టెర్మినల్ పీకొద్దు, గురువుగారూ

"షార్జా వెళ్లొచ్చి నాకే పని నేర్పుతావేట్రా?" గాజువాక ఆటోనగర్లో మా గురువుగారు పదిమంది ముందు అనేశారు. మావయ్య పాత మారుతి 800కి ఛార్జింగు ఎక్కట్లేదని తీసుకెళ్తే, ఆయన ఇంజన్ ఆడుతుండగానే బ్యాటరీ టెర్మినల్ పీకబోయారు. నేను చెయ్యి పట్టుకున్నాను.

నాకు పానా పట్టడం నేర్పింది ఆయనే. ఎదురు చెప్పలేదు. కానీ ఆ మాట ఇంకా గుచ్చుతోంది, అందుకే రాస్తున్నాను.

పాత అంబాసిడర్ల డైనమో రోజుల్లో ఆ పరీక్ష నడిచింది. టెర్మినల్ తీసినా ఇంజన్ ఆగకపోతే ఛార్జింగు ఉన్నట్టే. మావయ్య బండి ఎంపీఎఫ్ఐ, అంటే పెట్రోలు పంపడం కంప్యూటర్ చూసుకునే రకం. డైనమో బదులు ఇందులో కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్ నుంచి వచ్చే పోటును మింగేది బ్యాటరీయే. దాన్ని తప్పిస్తే వోల్టేజి ఒక్కసారిగా ఎగిరి డయోడ్లు, రెగ్యులేటర్, ఇంజన్ కంప్యూటర్ ఏవైనా కాలిపోవచ్చు. చిన్న రిపేరుకు వేల రూపాయల బిల్లు ఎవరు కడతారు? మావయ్యే కదా!

షార్జాలో మా గ్యారేజీలో రీడింగులు కార్డు మీద రాయందే బోల్టు విప్పనివ్వరు. మీటరు పట్టుకుంటే చేతిపని రాదని కాదు, కస్టమర్ డబ్బుకు జవాబుదారీ అని. ఆరోజూ అదే చేశాను. హెడ్‌లైట్లు వేసి, ఇంజన్ కాస్త రేజ్ చేసి చూస్తే ఆల్టర్నేటర్ దగ్గర 14.2 వోల్టులు, బ్యాటరీ దగ్గర 13.1. మధ్యలో 1.1 ఎక్కడ పోయింది? ప్లస్ వైరులో 0.2 అంటే పర్వాలేదు. బ్యాటరీ మైనస్‌కీ ఇంజన్ బాడీకీ మధ్య 0.9! తప్పు ఎర్త్ కేబులుది, అంటే బ్యాటరీ మైనస్‌ను బండి బాడీకి కలిపే తీగది. మల్కాపురంలో సముద్రపు గాలికి ఏళ్ల తరబడి ఆరుబయట నిలబడిన బండి మరి, లగ్గు (కేబులు చివర బిగించే ముక్క) లోపలంతా చిలుము. అంతకుముందే ఎవరో మావయ్య చేత కొత్త బ్యాటరీ కొనిపించారు.

ఇక తర్వాత జరిగింది షార్జాలో జరగదు. గురువుగారు మాట్లాడకుండా రాగి తీగ కోసి, లగ్గు నొక్కి, టంకం పెట్టి, అక్కడికక్కడే కేబులు చేసేశారు. బాడీ మీద రంగు గీకి, మెరిసే ఇనుముకు బిగించారు. బ్యాటరీ దగ్గర 13.9 వచ్చింది. అక్కడైతే పార్టు ఆర్డరు పెట్టి ఎదురుచూడాలి. కార్బన్ బ్రష్‌లు అరిగినా ఆల్టర్నేటర్ మొత్తం మార్చేస్తారు. కూలీ కంటే పార్టే చవక అంటాడు ఫోర్‌మన్. లెక్క నిజమే. అయినా తుక్కులో పడేసిన ఆల్టర్నేటర్లను చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. ఇక్కడ ఆయన బెంచీ మీద అవన్నీ మళ్లీ తిరిగేవి.

సెలవు అయ్యేలోపు మావయ్య బండి లైట్ల వైరింగు కూడా ఆయన దగ్గరే చేయించాలి. మీటరు నేను పడతాను, టంకం ఆయన పెడతారు. టెర్మినల్ మాత్రం ఇంజన్ ఆపాకే తీయాలి, అదీ ముందు మైనస్సే.