వెయ్యి కోట్ల చుట్టాలు

మంగళవారం, రాత్రి తొమ్మిదిన్నర.

పొద్దున పరగడుపున వేలికి సూది గుచ్చుకుని చూస్తే షుగర్ 138. నిన్న 146. ప్రోబయోటిక్ క్యాప్సూల్స్, అంటే కడుపుకు మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న మాత్రలు, మొదలుపెట్టి ఇవాళ్టికి పన్నెండో రోజు. వెంటనే బెంగళూరుకు ఫోన్ కొట్టాను. ఆ డబ్బా పంపింది అమ్మాయే. "చూశావామ్మా, నేను చెప్పలే!" అని ఒకటే సంబరం దానికి.

ఫోన్ పెట్టేశాక నాకే అనుమానమొచ్చింది. ఇంకో వేలు గుచ్చుకున్నాను. 149! ఈ మిషన్లు నూటికి పదిహేను దాకా అటూ ఇటూ చూపిస్తాయని మందులషాపు అబ్బాయి ఎప్పుడో చెప్పాడు. ఎనిమిది తగ్గిందని పండగ చేసుకున్నాను చూడు!

పైగా వారం నుంచి యూనివర్సిటీ గ్రౌండ్‌లో నడుస్తున్నాను. రాత్రి సంగటి ముద్ద సగం చేశాను. నిజంగా తగ్గినా, ఆ పేరు ఎవరికి ఇవ్వాలి?

ఒక్కో క్యాప్సూల్లో వెయ్యి కోట్ల బ్యాక్టీరియా అని డబ్బా మీద రాసుంది. చల్లని చోట ఉంచమని కూడా ఉంది. మే నెల తిరుపతి ఎండకు రెండు రోజులు కొరియర్ వాళ్ళ దగ్గర పడున్న పార్సిల్ అది. అందులో ఎన్ని బతికి నా కడుపులోకి చేరాయో ఆ గోవిందుడికే తెలియాలి.

అత్తమ్మకైతే ఇదంతా వినోదం. "ఇంట్లో మజ్జిగ పెట్టుకోని, దుడ్లిచ్చి క్రిములు కొంటారంటనే!" పెరుగులోవీ డబ్బాలోవీ ఒకే రకం కాదత్తా అంటే వింటుందా?

సాయంత్రం డాక్టరమ్మను అడిగేశాను. పేగుల్లోని బ్యాక్టీరియా పీచును పులియబెడితే కొన్ని ఆమ్లాలు పుడతాయట, వాటివల్ల ఇన్సులిన్‌కు సాయపడే జీఎల్‌పీ-1 అనే హార్మోన్ పెరగొచ్చట. ప్రోబయోటిక్స్ వాడిన టైప్ 2 షుగర్ వాళ్ళకు కొన్ని ప్రయోగాల్లో షుగర్ కాస్త తగ్గింది, కొన్నింట్లో తగ్గలేదు, బ్యాక్టీరియా రకాన్ని బట్టి మారుతుంది అంది. "మీరు మింగే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ కూడా పేగుల్లో బ్యాక్టీరియాను మారుస్తుందమ్మా. దాన్ని మాత్రం ఆపొద్దు" అని గట్టిగా చెప్పింది. రక్తంలో షుగర్ అంటుకునే ఎర్రకణాలు దాదాపు 120 రోజులు బతుకుతాయి కాబట్టి, మూడు నెలల షుగర్ టెస్ట్ చేస్తేనే అసలు సంగతి తేలుతుందట. ఆగస్టులో రమ్మంది.

ఇంటికొచ్చి డబ్బా ఫ్రిజ్‌లో పెట్టాను. ఇంకా పద్దెనిమిది ఉన్నాయి. అమ్మాయి అడుగుతుంది, అయిపోయేదాకా వేసుకుంటాను. 149 సంగతి దానికి ఇంకా చెప్పలేదు.