ఇంటర్ గ్రూపు ఎంపిక నుంచి ఓడల చదువు వరకు: నా అనుభవం

2022లో నా పదో తరగతి ఫలితాలు వచ్చినప్పుడు మా ఇంటికి వచ్చిన ప్రతి ఒక్కరూ అడిగిన ప్రశ్న ఒక్కటే: ఎంపీసీయా, బైపీసీయా? మాది 1923 నుంచి ఆంధ్రా మెడికల్ కాలేజీ ఉన్న విశాఖపట్నం కావడం వల్లనో ఏమో, జీవశాస్త్రంలో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్ల కనబడితే చాలు, మా బంధువులు ఆ కాలేజీ ఆసుపత్రి కేజీహెచ్ పేరెత్తకుండా ఉండరు. నాకు జీవశాస్త్రం ఇష్టమే. అయితే చిన్నప్పటి నుంచి మల్కాపురంలో పెరిగిన నాకు అంతకంటే ఇష్టమైనది మరొకటి ఉంది. అది ఓడ.

మా నాన్న షిప్‌యార్డులో కాంట్రాక్టు వెల్డరు. 1941లో వాల్‌చంద్ హీరాచంద్ సింధియా కంపెనీ తరఫున ఇక్కడ మొదలుపెట్టిన యార్డు అది. స్వతంత్ర భారతంలో నీళ్లలోకి దిగిన తొలి పెద్ద ఓడ 'జల ఉష' 1948లో అక్కడి నుంచే దిగింది. నాన్న చెప్పే కబుర్లలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నవి ఉక్కు రేకుల మీద సుద్దముక్కతో రాసే అంకెలు. ఏ రేకు ఏ ఫ్రేము దగ్గర కూర్చోవాలో, ఏ అంచును ఎంత కోణంలో చెక్కాలో ఆ అంకెలే చెబుతాయట. వాటిని ఎవరు నిర్ణయిస్తారని నేను అడిగితే, "ముందే కాగితం మీద గీసేవాళ్లుంటారమ్మా, ఆ గీత వచ్చాకే మా చేతికి పని" అన్నారు నాన్న. ఆ గీసేవాళ్ల చదువు పేరు నేవల్ ఆర్కిటెక్చర్ అని మా సైన్సు మాస్టారు చెప్పారు. భారత సముద్రయాన విశ్వవిద్యాలయానికి (ఐఎంయూ) మన విశాఖలోనే ప్రాంగణం ఉందని, అక్కడ ఆ బీటెక్ చదవవచ్చని కూడా ఆయన ద్వారానే తెలిసింది.

ఆ తర్వాత నేను చేసిన పనిని, ఈ దశలో ఉన్న పిల్లలకు ఉపయోగపడుతుందన్న నమ్మకంతో కాస్త వివరంగా చెబుతాను. గ్రూపు పేరు దగ్గర మొదలుపెట్టి ముందుకు ఆలోచించడం మాని, చేరాలనుకున్న కోర్సు అర్హత నిబంధన దగ్గర మొదలుపెట్టి వెనక్కి వచ్చాను. ఒక పొడుగు నోటుపుస్తకంలో ఒక్కో కోర్సుకు ఒక్కో పేజీ కేటాయించి, ఇంటర్‌లో ఏ సబ్జెక్టులు ఉండాలి, ఎంత శాతం రావాలి, ఏ ప్రవేశ పరీక్ష రాయాలి, శారీరక అర్హతలు ఏమిటి అన్న ప్రశ్నలకు బ్రోచర్లలో ఉన్న వాక్యాలనే జవాబులుగా దించుకున్నాను. ఎవరో చెప్పగా విన్న మాటను ఆ పుస్తకంలోకి రానివ్వలేదు.

అలా రాస్తుంటే ఎన్నో విషయాలు తేటపడ్డాయి. జీవశాస్త్రం లేకుండా ఎంపీసీ ఒక్కటే చదివితే వైద్యం, పశువైద్యం దారులు మూసుకుపోతాయి కాని బీఫార్మసీ దారి తెరిచే ఉంటుంది. సబ్బవరం దగ్గరున్న దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయంలో చేరడానికి రాయవలసిన క్లాట్‌కు ఏ గ్రూపు అయినా ఫరవాలేదు. చార్టర్డ్ అకౌంటెన్సీలో తొలి మెట్టయిన సీఏ ఫౌండేషన్‌కు కూడా ఫలానా గ్రూపే చదివి ఉండాలన్న నియమం లేదు. ఓడ నడిపే అధికారుల వైపు వెళ్లే నాటికల్ సైన్సుకు మాత్రం కళ్లద్దాలు లేకుండానే చూపు చక్కగా ఉండాలి, రంగులు సరిగ్గా గుర్తుపట్టగలగాలి. ఎనిమిదో తరగతి నుంచి అద్దాలు పెట్టుకుంటున్న నాకు ఆ పేజీ అక్కడితో ముగిసింది. ఓడకు రూపం ఇచ్చే చదువుకు మాత్రం నా కళ్లద్దాలు అడ్డు కాలేదు. ఇంట్లో అందరికీ ఆ పేజీలు చదివి వినిపించాక నేను ఎంపీసీ తీసుకోవడం గురించి వాదన లేకుండా పోయింది.

అసలైన ఒత్తిడి గ్రూపు దగ్గర కాదు, ద్వితీయ భాష దగ్గర ఎదురైంది. ఒక కార్పొరేట్ కళాశాల పీఆర్వో మా ఇంటికి వచ్చి, "సంస్కృతం తీసుకుంటే తొంభై ఎనిమిది గ్యారంటీ అమ్మా, తెలుగు తీసుకుంటే మొత్తం మార్కులు పడిపోతాయి" అని అమ్మను భయపెట్టాడు. ఆ మాట వినగానే అమ్మ తడబడిన మాట నిజం. అయితే మార్కుల లెక్క మరోలా ఉంది. అప్పటి పద్ధతిలో ఎంపీసీ మొత్తం 1000 మార్కులు, మొదటి ఏడాది 470, రెండో ఏడాది 530. రాష్ట్ర ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష అయిన ఏపీ ఈఏపీసెట్ ర్యాంకులో ఇంటర్ మార్కులకు ఇచ్చే 25 శాతం వెయిటేజీకి గణితం, భౌతిక, రసాయన శాస్త్రాల 600 మార్కులనే చూసేవారు. ద్వితీయ భాష అందులోకి రాదు. సముద్రయాన విశ్వవిద్యాలయం కూడా ఆ మూడు సబ్జెక్టుల సగటు 60 శాతం ఉండాలంటుందే తప్ప ద్వితీయ భాష ఊసెత్తదు. అలాంటప్పుడు నాకు నచ్చిన తెలుగును వదులుకోవడానికి కారణం ఏముంది? సంస్కృతం మీద ఇష్టంతో దాన్ని చదివేవారంటే నాకు గౌరవం. మార్కుల ఎర చూపి, పదహారేళ్ల పిల్లల చేత సొంత భాషను మాన్పించడం మాత్రం అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. నేను తెలుగే తీసుకుని, ఆ కార్పొరేట్ కళాశాలలో కాక ఇంటికి దగ్గరలో తక్కువ ఫీజుతో నడిచే కళాశాలలో చేరాను.

మాలో ఎవరూ పట్టించుకోని సబ్జెక్టు ఇంగ్లిషు. 'ప్యాసయితే చాలు' అన్న ధోరణి తరగతి అంతటా ఉండేది. నా నోటుపుస్తకంలో నేవల్ ఆర్కిటెక్చర్ పేజీలో దించుకున్న వాక్యం మాత్రం పదో తరగతిలో గాని పన్నెండో తరగతిలో గాని ఇంగ్లిషులో 50 శాతం మార్కులు తప్పనిసరి అంటోంది. పైగా ఐఎంయూ సెట్ అని పిలిచే ఆ విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్షలో మూడు గంటల్లో రాయవలసిన 200 ప్రశ్నల్లో గణితం, భౌతిక, రసాయన శాస్త్రాలతో పాటు ఇంగ్లిషు, ఆలోచనా సామర్థ్యాన్ని పరీక్షించే ఆప్టిట్యూడ్ ప్రశ్నలు కూడా ఉంటాయి. ఈఏపీసెట్‌లో ఇంగ్లిషు ప్రశ్న ఒక్కటీ ఉండదు; దాని 160 ప్రశ్నల్లో 80 గణితం, మిగిలినవి భౌతిక, రసాయన శాస్త్రాలు చెరి 40. ఒకే మనిషి రెండు పరీక్షలకు తయారవుతున్నప్పుడు ఈ తేడాను ముందే గమనించకపోతే చివరి నెలల్లో సర్దుకోవడం కష్టం. అందుకని మొదటి ఏడాది నుంచే రాత్రి భోజనం తర్వాత ఇంగ్లిషు పేరా ఒకటి చదివి, దాని సారాంశం సొంత మాటల్లో రాయడం అలవాటు చేసుకున్నాను.

రెండో ఏడాది గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చదివాను, పరీక్షలు రాశాను, మధ్యలో ప్రాక్టికల్స్ అయ్యాయి. అయితే ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌ను నా ప్రణాళికలోకి తీసుకోకూడదని ఆ ఏడాది మొదట్లోనే నిర్ణయించుకున్నాను. దానికి కావలసిన లోతైన సాధనను బోర్డు పరీక్షలతోనూ రెండు ప్రవేశ పరీక్షలతోనూ కలిపి మోయడం నా వల్ల కాదని మా గణితం మాస్టారితో మాట్లాడాకే ఆ నిర్ణయం తీసుకున్నాను. ఒకవేళ ఐఎంయూలో సీటు రాకపోతే ఈఏపీసెట్ ద్వారా ఆంధ్ర విశ్వవిద్యాలయ ఇంజినీరింగ్ కళాశాలకు ప్రయత్నించాలని, అదీ కుదరకపోతే దగ్గరలోని కళాశాలలో మెకానికల్ చదివి, పీజీ స్థాయిలో మళ్లీ ఓడల వైపు రావాలని అనుకున్నాను.

చదువు కంటే ఎక్కువ తిప్పలు పెట్టినవి ధ్రువపత్రాలు. రాష్ట్ర కౌన్సెలింగ్‌కు ఇచ్చే బీసీ కుల ధ్రువపత్రం కేంద్ర సంస్థల్లో ఓబీసీ రిజర్వేషన్‌కు సరిపోదు. క్రీమీలేయర్‌కు (వెనుకబడిన తరగతుల్లోని సంపన్న శ్రేణికి) చెందనట్లు తెలిపే పత్రాన్ని కేంద్ర ప్రభుత్వ నమూనాలోనే విడిగా తీసుకోవాలి, మన కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోవాలి. వార్డు సచివాలయంలో దరఖాస్తు పెట్టాక, తహసీల్దారు కార్యాలయంలో విచారణ పూర్తయి సంతకమయ్యే వరకు ఆగక తప్పదు. ఫలితాలు వచ్చాక చూద్దాంలే అనుకునేవారికి గడువు దాటిపోయే ప్రమాదం ఎక్కువ. నేను ముందుగానే దరఖాస్తు పెట్టినందువల్ల వేసవిలో ప్రశాంతంగా చదువుకోగలిగాను. ఫీజు విషయంలోనూ అంతే. విద్యాలక్ష్మి పోర్టల్ ద్వారా బ్యాంకు రుణానికి దరఖాస్తు చేయవచ్చని, 7.5 లక్షల రూపాయల వరకు రుణ హామీ పథకం కిందికి వచ్చే విద్యా రుణానికి ఆస్తి తాకట్టు గాని మూడో మనిషి పూచీ గాని అవసరం లేదని బ్యాంకులో అడిగి తెలుసుకున్నాక నాన్న ముఖంలో దిగులు తగ్గింది.

2024 మే నెలలో ఈఏపీసెట్, జూన్‌లో ఐఎంయూ సెట్ రాశాను. కౌన్సెలింగ్‌లో మొదటి ఎంపికగా విశాఖపట్నం ప్రాంగణాన్నే పెట్టాను. సీటు వచ్చింది. ఒకప్పుడు గాంధీగ్రాంలో ఉన్న నౌకా రూపకల్పన, పరిశోధన కేంద్రం ఆ విశ్వవిద్యాలయంలో కలిసింది. ఇప్పుడు సబ్బవరం మండలం వంగలిలో మా ప్రాంగణం ఉంది. ఓడ తేలడానికి, ఒరగకుండా నిలబడడానికి సంబంధించిన లెక్కల్లో ఇంటర్ కలనగణితం ఎంతగా పనికొస్తుందో ఇక్కడికి వచ్చాక అర్థమవుతోంది.

మా పిన్ని కొడుకు పదో తరగతి పూర్తి చేసి నా దగ్గరకు వచ్చేనాటికి పద్ధతులు మారాయి. 2025-26 నుంచి మన రాష్ట్రంలో గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే ఎంబైపీసీ గ్రూపు వచ్చింది. "అక్కా, రెండు దారులూ తెరిచి ఉంటాయి కదా, అదే తీసుకోనా?" అని అడిగాడు. తీసుకోవద్దని నేను అనలేదు. వైద్యమో, ఇంజినీరింగో నిజంగా తేల్చుకోలేని పిల్లలకు అది మంచి అవకాశమే. అయితే రెండేళ్ల పాటు రెండు పెద్ద సబ్జెక్టుల బరువును మోయవలసింది తానే కాబట్టి, వాడికి నా పాత నోటుపుస్తకం ఇచ్చి, తనకు నచ్చిన కోర్సుల పేజీలను ఈ ఏటి బ్రోచర్లతో పోల్చి తిరగరాసుకుని రమ్మన్నాను. ఇప్పటికి రెండు పేజీలు రాశాడు, పశువైద్యానికొకటి, ఫార్మసీకొకటి. మూడో పేజీకి ఏ కోర్సు పేరు పెట్టాలో ఆలోచిస్తున్నాడు.